కడియం పట్టని నడుము

కోడుమూరు పక్క మన ఊరు,
సోమవారం.

బద్వేలులో కూతురి చేతి బిర్యానీ తింటున్న లాలప్పకు, ఇక్కడ చప్పటి మజ్జిగ తాగుతున్న ఓబుళేశు సలాములు.

బాగున్నావా అని అడగను. శిరీన్ లాంటి నర్సమ్మ కూతురున్నవాడు బాగుండక ఏం చేస్తాడు. ఫోను ఉండగా ఈ ఉత్తరమేందని నువ్వు అనుకుంటావు. ఫోను చేస్తే నీ కూతురు స్పీకరు పెడుతుంది. ఇక్కడ నా కోడలు శివలీల కూరగాయలు తరుగుతూ ఒక చెవి నాకు అప్పగిస్తుంది. నేను చెప్పేది నీ చెవిన తప్ప ఇంకో చెవిన పడకూడదు. నా చదువు ఐదో తరగతి గడప దగ్గరే ఆగిపోయిందని నీకు తెలుసు కదా. అక్షరాలు వంకర పోతే తల వంకర పెట్టుకుని చదువుకో.

విషయం ఏమంటే, నాకు పొట్ట వచ్చింది.

నవ్వుకో. నువ్వు నవ్వడం అయిపోయాకే మిగతాది చదువు, నేను ఆగుతాను.

పోయిన ఏడు కర్నూలు డాక్టరు నా రొమ్ము ఫోటో వెలుతురుకు పట్టి చూసి, బీడీ కావాలా గాలి కావాలా తేల్చుకోమన్నాడు. నేను రెండూ కావాలన్నాను. నా తరఫున నా పెండ్లాం గురమ్మ గాలి అని చెప్పేసింది. అప్పటికి నువ్వు ఊళ్లోనే ఉన్నావు. బీడీ మానిన కొత్తలో నేను కోడి మీద, తలుపు గడియ మీద, చివరికి రేడియోలో వార్తలు చదివే ఆమె మీద కూడా అరిచింది నువ్వు చూశావు. నువ్వు బద్వేలు పోయినాక నా నాలుక నిద్ర లేచింది. ఇన్నేళ్లు పొగకు మొద్దుబారిన నాలుకకు ఉప్పు ఉప్పుగా, చింతపండు చింతపండుగా తెలిసింది. గురమ్మ వంట ఇంత బాగుంటుందని ఈ వయసులో తెలిసిందబ్బా నాకు. ఆ మాటే ఆమెతో అన్నాను. సంతోషపడుతుందనుకుంటే, "ఇన్నేండ్లూ ఏం తింటాంటివి, బూడిదా?" అంది.

చేతికి ఏదో ఒకటి కావాలి లాలప్పా. జేబులో బీడీ వెతికే చెయ్యి ఊరికే ఉండదు, బొరుగుల డబ్బాలోకి పోతుంది. పొద్దున ఉగ్గాని, ఆమీద బజ్జీ. టీ తాగితే ఇదివరకు ఒక బీడీ. ఇప్పుడు టీతో ఒక చెనక్కాయల ఉండ. అది పంటికి అంటుకుంటుంది కాబట్టి దాన్ని విడిపించడానికి ఇంకొకటి. మందుల షాపు బయట బరువు చూసే మిషను ఉంటుంది కదా, దాని మీద చెప్పులు విప్పి ఎక్కాను, తువ్వాల తీసి ఎక్కాను, చివరికి కట్టుడు పళ్లు తీసి షాపాయన చేతికిచ్చి ఎక్కాను. ముల్లు నా మీద జాలి చూపలేదు.

పొట్ట వస్తే రానీ, నాకేమన్నా పెళ్లి చూపులా అని ఊరుకునేవాణ్ణి. కానీ సుంకులమ్మ జాతర దగ్గర పడుతోంది.

పీర్ల పండక్కి వెదురు తాబూతులు కట్టే చేత్తోనే నువ్వు జాతరలో నేను ఆడే ఆ కీలుగుర్రాన్ని కట్టావు. వెదురు బద్దలు వంచి, కాగితమూ గుడ్డా అంటించి, వీపు నడుమ మనిషి దూరేంత బొక్క పెట్టి, ఆ బొక్క చుట్టూ వెదురు కడియం బిగించావు. ఆ రోజు దారంతో నా నడుము కొలిచి, ఆడపిల్ల నడుము అని నువ్వు ఎగతాళి చేసింది కూడా నాకు గుర్తుంది. ఆ కడియంలోకి కాళ్లు పెట్టి, గుర్రాన్ని నడుము దాకా లాక్కుని, భుజాలకు పట్టీలు తగిలించుకుని తప్పెట్ల ముందర నేను ఎగిరితే, గుర్రమెక్కిన రాజే. మిగతా దినాల్లో ఈ ఊళ్లో నేనెవణ్ణి? గొర్రెలు అమ్ముకున్న ముసలోణ్ణి. ఆ ఒక్క దినం నేను రాజును. ఆడవాళ్లు గుర్రం కాళ్లకు నీళ్లు పోస్తారు. ప్రెసిడెంటు పక్కకు జరిగి దారి ఇస్తాడు.

ఆ కడియం ఇప్పుడు నా నడుముకు పడుతుందని నాకు నమ్మకం లేదు. అదే ఒక ఏడుపైతే, ఇంకో ఏడుపు నా బామ్మర్ది. గురమ్మ తమ్ముడు దేవేంద్రప్పను నువ్వు మర్చిపోలేదు కదా. చెవి మీద ఒక బీడీ, పెదవి మీద ఒక బీడీ. నేను వాడి వయసులో తాగినదానికి రెండింతలు తాగుతాడు. వాడి నడుము చూడు, గుప్పిట్లో పట్టవచ్చు. మా ఇంటికొచ్చి, నా అరుగు మీద కూర్చుని, నా పెండ్లాం వడ్డించిన ఓళిగలు నెయ్యితో తిని, లేచి చొక్కా దులుపుకుంటే, ఆ తిన్నది యాడికి పోయిందో సుంకులమ్మకే తెలియాలి. నేను వాసన చూస్తే నాకు వచ్చేస్తుంది పొట్ట. వాడు గుడి పక్కనున్న గుర్రం గది వైపు చూసే చూపు నాకు నచ్చడం లేదు.

అందుకని నువ్వొక పని చెయ్యాలి. ఊరికి వచ్చినట్టు వచ్చి, గుర్రానికి కాగితం చినిగింది అంటిస్తానని చెప్పి, ఎవరికీ తెలియకుండా ఆ కడియం కోసి కొంచెం వెడల్పు చెయ్యి. కట్టినవాడివి నువ్వు. నిన్నెవరు అనుమానిస్తారు?

నీ రాక కోసం కడుపు లోపలికి పీల్చుకుని కూర్చున్న,
ఓబుళేశు.


కోడుమూరు పక్క మన ఊరు,
శుక్రవారం.

స్నేహితుడు అడిగిన ఒక్క పనీ చేయని లాలప్పకు, సలాము చెప్పాలని లేదు గానీ అలవాటు కొద్దీ చెబుతున్నాను.

నీ జవాబు వచ్చింది. కళ్లు దిద్ది, పూజ చేసి, ఒకసారి ఆడిన గుర్రానికి కత్తి పెట్టకూడదని నాకే చెబుతావా? ఆ కట్టుబాటు నాకు తెలియదా? చినిగితే పైన ఇంకో కాగితం అంటించాలే గానీ లోపలి బద్దను ముట్టకూడదని ఊరందరి ముందర చెప్పిందే నువ్వు. అప్పుడు నువ్వు చెబితే నేనే మొదట తల ఊపాను. ఆ తల ఊపు నా మెడకే చుట్టుకుంది, నా నడుముకు మాత్రం చుట్టుకోలేదు.

నువ్వు రాకపోతివి. నీ బదులు శిరీన్‌తో ఫోను చేయించావు. ఆ పిల్ల మంచిది, నీకెట్ల పుట్టిందో. పొగ మానితే ఆకలి పెరుగుతుంది, రుచి తెలుస్తుంది, ఒళ్లు తిండిని అరిగించే తీరు కొంచెం నెమ్మదిస్తుంది, కాబట్టి కొంత బరువు రావడం మామూలేనట. ఉపవాసాలు ఉండొద్దంది. కడుపు మాడితే మళ్లా మనసు బీడీ మీదికే పోతుందట. బొరుగుల డబ్బా చేతికందకుండా పెట్టి దోసకాయ ముక్కలు నమలమంది. జొన్నరొట్టె, ఆకుకూర, పలుచని మజ్జిగ. పొద్దునా సాయంత్రం నడక. చివర్లో, "పెదనాయనా, పొట్ట నెమ్మదిగా తగ్గించుకోవచ్చు. ఊపిరి పోతే ఎవరూ తెచ్చియ్యరు" అంది. ఆ మాట నాకు నచ్చలేదు, ఎందుకంటే అది నిజం.

నడిచాను లాలప్పా. హంద్రి ఏటి ఒడ్డు దాకా పోయి వచ్చాను, మూడు వారాలు, రోజూ. దారిలో పలకరించిన ప్రతివాడూ యాడికి పోతాండావని అడిగేవాడు. పొట్టను విడిచిపెట్టి వద్దామని పోతాండా అనేవాణ్ణి. వచ్చేటప్పుడు వాళ్లే, ఏమప్పా, అది మళ్లా నీ వెంటే వచ్చిందే అనేవాళ్లు. దోసకాయలు తిన్నాను. మేకలు కూడా నన్ను తమలో ఒకడిగా చూడటం మొదలుపెట్టాయి. పంచె ముడి కొంచెం వదులైంది కూడా. కానీ శిరీన్ చెప్పిన నెమ్మది వేరు, జాతర వచ్చే వేగం వేరు.

నిన్న గుర్రం గది తెరిచారు. జాతరకు ముందు ఆడేవాడు గుర్రంలోకి దిగి, గుడి చుట్టూ ఒకసారి తిరగాలి కదా, ఆ దినం. పెద్దలు నలుగురూ వచ్చారు. తప్పెట్లవాళ్లు వచ్చారు. పొద్దున నేను నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కాళ్లు పెట్టాను, లాగాను. తొడల దాకా వచ్చింది, తుంటి దగ్గర ఆగింది. ఊపిరి బిగబట్టి లాగాను. కడియం కిర్రుమంది. తప్పెట కొట్టడానికి చెయ్యెత్తినవాడు అట్లే ఎత్తి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదప్పా. నవ్వినా బాగుండేది. నేను ఊరందరినీ ఏడిపించేవాణ్ణి, నా మీద ఒక్కడు కూడా ఒక్క మాట విసరలేదు. జాలిపడ్డారు.

అప్పుడు దేవేంద్రప్ప చెవి మీది బీడీ తీసి గట్టు మీద పెట్టి, "బావా, ఊరికే ఒకసారి చూస్తా" అన్నాడు. సూదిలోకి దారం పోయినట్టు పోయాడు. కడియానికీ వాడికీ మధ్య ఇంకా జాగా మిగిలింది. భుజాలకు పట్టీలు తగిలించుకుని రెండు అడుగులు వేశాడు. తప్పెట మోగింది. గురమ్మ అక్కడే ఉంది. తమ్ముణ్ణి చూసి ఆమె మొహం వెలిగింది, తర్వాత నన్ను చూసి ఆ వెలుగు ఆర్పేసుకుంది. ఆ ఆర్పుకోవడం చూడలేకపోయాను. వెలగనిచ్చినా సరిపోయేది.

వచ్చే శుక్రవారం ఖాయం చేస్తామన్నారు పెద్దలు. అప్పటికి నాకు పడితే నేను, పడకపోతే వాడు. నాకు మర్యాద చేశామని వాళ్లు అనుకుంటున్నారు.

సాయంత్రం అరుగు మీద వాడు బీడీ వెలిగించుకుని నా పక్కన కూర్చున్నాడు. పొగ నా వైపే వచ్చింది. లేచి పోవాల్సింది, పోలేదు. వాడు మెల్లగా, "ఒకటి వెలిగించు బావా. ఆకలి సచ్చిపోతాది, నడుము దానంతటదే వస్తాది. జాతర అయినాక మళ్లా మానుకుందువు" అన్నాడు. కొంటెగా అన్నాడో, ప్రేమగా అన్నాడో తెలియదు. వాడు ప్రేమగా అన్నాడంటే నాకు ఇంకా మండుతుంది.

నీకొక్కడికే చెబుతున్నాను. ఈ పొద్దున కోడుమూరు పోయి ఒక కట్ట కొన్నాను. మన అంగడిలో కొంటే గురమ్మకు తెలుస్తుంది. అది ఇప్పుడు నా పంచె మడతలో ఉంది. ఇంకా విప్పలేదు. కానీ విప్పుతాను లాలప్పా, నిశ్చయించుకున్నాను. సోమవారం నుంచి. ఊపిరి సంగతి జాతర తర్వాత చూద్దాం. నువ్వు తిడతావని తెలుసు. నీ తిట్లు ఇక్కడికి చేరేలోపల సగం కట్ట అయిపోయి ఉంటుంది.

ఇట్లు, రాజ్యం పోయిన రాజు,
ఓబుళేశు.


కర్నూలు ఆసుపత్రి వరండా,
బుధవారం.

లాలప్పా,

ఈసారి ఎగతాళి పలకరింపు ఏమీ తోచలేదు, అందుకే పేరు ఒక్కటే రాశాను. నీకు ఎవరైనా ఫోను చేసి చెప్పే ఉంటారు. వాళ్లు చెప్పింది వదిలెయ్, జరిగింది నేను చెబుతాను.

ఆదివారం మధ్యాహ్నం అందరూ తిని పడుకున్న వేళ నేను గుర్రం గదికి పోయాను. సోమవారం బీడీ మొదలుపెట్టడానికి ముందు ఒక్కసారి ప్రయత్నం చేసి చూద్దామనిపించింది. ఎవరూ చూడని చోట సిగ్గు ఉండదు కదా. నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు దూర్చి, ఊపిరంతా బయటికి వదిలి, గోడకు పాదాలు తన్ని లాగాను. తుంటి దాటింది. నాకు ఎంత సంతోషమైందో. లేచి నిలబడి ఊపిరి పీల్చాను. పొట్ట కడియం మీదికి కూర్చుంది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు. రాజు గుర్రం ఎక్కాడు, దిగడం మర్చిపోయాడు.

అట్లా ఎంతసేపు తిప్పలు పడ్డానో. తలుపు దగ్గర నీడ పడింది. దేవేంద్రప్ప. శుక్రవారానికి వాడు కూడా ఎవరూ చూడకుండా అడుగులు నేర్చుకుందామని వచ్చాడట. ఇద్దరం దొంగలం ఒకే ఇంటికి వచ్చినట్టైంది. వాడు నవ్వాడు, నేను తిట్టాను. నవ్వుతూనే నోట్లో బీడీ పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని గుర్రాన్ని కిందికి లాగాడు. రెండుసార్లు లాగాడు. మూడోసారి లాగబోయి దగ్గు వచ్చింది. అది రోజూ దగ్గే దగ్గే అనుకుని, నీ బీడీకి నా గుర్రం కూడా దగ్గుతోంది చూడు అన్నాను. వాడు నా మాట వినలేదు. ఒక చెయ్యి నేలకానించి, ఇంకో చేత్తో రొమ్ము పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం వెతుకుతున్నాడు. గాలి వాడికి దొరకడం లేదు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి.

వాడి మీదికి వంగుదామంటే వంగలేను. గుర్రం తల వాడికి తగులుతుంది. వాణ్ణి పట్టుకోవడానికి చెయ్యి అందదు. ఇంతకాలం వాడి నడుము చూసి కుళ్లుకున్నాను లాలప్పా, వాడి రొమ్ము ఎట్ల ఎగిసి పడుతోందో ఒక్కనాడూ చూడలేదు. నా కళ్ల ముందరే ఉండింది అది.

బయటికి పరుగెత్తాను, గుర్రంతోనే. బజారులో తప్పెట్లవాళ్లు నీడన కూర్చుని తోళ్లు వేడి చేసుకుంటున్నారు. మనిషి సచ్చిపోతాండాడు, రాండప్పా అని అరిచాను. వాళ్లు లేచి తప్పెట వాయించడం మొదలుపెట్టారు.

తప్పు వాళ్లది కాదు. ప్రతి జాతరకూ ఆ గుర్రంలోనుంచి నేను అరిచేదేమిటి? ప్రెసిడెంటు ఇంట్లో దొంగలు పడ్డారంటాను, పూజారి పెండ్లాం పుట్టింటికి పోయిందంటాను, గడ్డివామి అంటుకుందంటాను. జనం పగలబడి నవ్వుతారు. గుర్రంలో ఉన్నవాడు ఏమన్నా అది ఆటే. గట్టిగా అరిచేకొద్దీ వాళ్లు గట్టిగా వాయించారు. ఒక ఆమె వచ్చి గుర్రం కాళ్లకు చెంబు నీళ్లు పోసింది. ముసలాయన మళ్లా గుర్రంలోకి దూరినాడని పిల్లలు ఈలలు వేశారు. నా ఆట వాళ్లకు అంత బాగా తెలుసు. నా కంట్లో నీళ్లు వాళ్లకు తెలియలేదు, చెమట అనుకున్నారు. దేవేంద్రప్పకు బాగలేదని ఒకణ్ణి పట్టుకుని ఊపితే, వాడు నాతో కలిసి గంతేశాడు.

వీధి చివర కుళాయి దగ్గర గురమ్మ బిందె పెట్టి నిలబడి ఉంది. అక్కడి దాకా పరుగెత్తాను. "గురమ్మా" అని పిలిచాను.

నీకు తెలుసు, పెళ్లయిన నాటి నుంచి ఆమెను వీధిలో నేను పేరు పెట్టి పిలవలేదు. ఏమే అంటాను, ఒసే అంటాను, మనుమరాలి పేరుతో పిలుస్తాను. ఆ పేరు నా నోట వినగానే ఆమె బిందె వదిలేసింది. "ఎవరికి?" అంది. ఏమైందని కూడా అడగలేదు. నీ తమ్ముడని చెప్పాను. ఆమె పరుగెత్తింది. ఆమె పరుగు చూశాక తప్పెట్లు ఆగాయి.

మనుషులు వాణ్ణి ఎత్తుకొచ్చి ఆటోలో పడుకోబెట్టారు. నేను ఎక్కబోతే గుర్రం అడ్డం. లాగితే రాదు. ఒకడు కొడవలి తెచ్చి, కడియం దగ్గర పెట్టి, ఆగిపోయాడు. పూజ చేసిన గుర్రం, కత్తి పెట్టకూడదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గురమ్మ ఆటోలోనుంచి దిగి వాడి చేతిలో కొడవలి లాక్కుంది. "ఆ తల్లి వచ్చి నన్నడగనీ, నేను చెప్పుకుంటా" అని కడియాన్ని ఒక్క వేటుతో తెగ్గొట్టింది. గుర్రం రెండుగా విచ్చుకుని నా కాళ్ల దగ్గర పడింది. దాంతో పాటు పంచె మడతలోని బీడీ కట్ట కూడా పడింది, అందరి ముందర.

ఆమె చూసింది. ఆటో ఎక్కి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. కర్నూలు వచ్చే దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనెన్ని తిట్లకైనా సిద్ధంగా ఉన్నాను, దానికి సిద్ధంగా లేను.

బతికాడు లాలప్పా. మూతికి గాలి గొట్టం పెట్టారు. ఊపిరితిత్తులు శానా చెడ్డాయట, అయినా ఇప్పుడైనా మానితే మిగిలినదాంతో బతకొచ్చన్నాడు డాక్టరు. వాడికి వరసేమవుతారని నన్ను అడిగి, మీరు పరుగెత్తుకొచ్చి చెప్పబట్టే వేళకు తెచ్చారు అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. గుడి దగ్గర నుంచి కుళాయి దాకా, భుజాల మీద గుర్రం బరువుతో, అరుస్తూ పరుగెత్తాను. పోయిన ఏడు ఆ దూరం నడిస్తే మధ్యలో రెండుచోట్ల కూర్చునేవాణ్ణి. ఈసారి ఆయాసం రాలేదు. పొట్ట వచ్చింది, దాని వెనకనే ఊపిరి కూడా వచ్చింది. వచ్చినదాన్ని చూసుకోకుండా నేను పొట్టనొక్కదాన్నే చూసుకుంటూ కూర్చున్నాను.

నిన్న సాయంత్రం గురమ్మ నోరు తెరిచింది. వరండాలో నా పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా, "ఆ గుర్రానికి ఒకరు సచ్చి ఒకరు ఎక్కుతారేమో, ఇద్దరికీ ఏడ్చేదాన్ని నేను ఒకదాన్నే గదా" అంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, దోసకాయ తెచ్చినా, తిను అంది. తిన్నాను.

ఇట్లు,
ఓబుళేశు.


కోడుమూరు పక్క మన ఊరు,
జాతర అయిన మరునాడు.

బద్వేలులో హాయిగా ఉన్న లాలప్పకు, ఇంట్లో శత్రువును పెట్టుకుని సాకుతున్న ఓబుళేశు సలాములు.

దేవేంద్రప్ప మా ఇంట్లోనే ఉన్నాడు. వాడి ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేరని గురమ్మ తెచ్చుకుంది. నా నులకమంచం వాడికిచ్చింది. నాకు జొన్నరొట్టె, వాడికి కోడి చారు. నాకు మజ్జిగలో మజ్జిగ వెతుక్కోవాలి, వాడికి సంగటి మీద నెయ్యి. డాక్టరు బలం పెట్టమన్నాడట. నన్ను చూసిన డాక్టరు ఒక్కడైనా ఆ మాట అన్నాడా? వాడు మూలిగితే ముగ్గురు పరుగెత్తుతారు. మనుమరాలు హర్షిణి కూడా వాడికే విసనకర్ర విసురుతుంది. అసూయ పడటానికి నాకు ఇదివరకు అరుగు దాకా పోవాల్సి వచ్చేది, ఇప్పుడు కూర్చున్న చోటికే వస్తోంది.

జాతర గుర్రం లేకుండానే జరిగింది. పెద్దలు నన్ను నాలుగు మాటలన్నారు, పడ్డాను. గురమ్మను అనబోతే ఆమె వాళ్ల వైపు తిరిగి చూసింది, వాళ్లు సుంకులమ్మను చూసినట్టు చూసి ఊరుకున్నారు. తప్పెట్ల ముందర ఉత్త కాళ్లతో నడిచాను. పూజారి పెండ్లాం గురించి అరవమని జనం అడిగితే, ఈ ఏడు ఆమె పుట్టింటి నుంచి తిరిగొచ్చిందని అరిచాను. నవ్వారు. రాజులా అనిపించలేదు. అయినా గుడి చుట్టూ మూడుసార్లు తిరిగాను, కూర్చోకుండా.

దేవేంద్రప్ప బీడీ ముట్టడం లేదు. ముట్టనిస్తే కదా, నేను కాపలా. రాత్రీ పగలూ చేతులు నలుపుకుంటాడు, గోడ మీద అరుస్తాడు, నా మీద అరుస్తాడు. నేను అన్నీ పడుతున్నాను, ఆ తిప్పలు నాకు తెలుసు కాబట్టి. చేతిలో దోసకాయ ముక్కలు పెడుతున్నాను. మొన్న పప్పు తింటూ ఆగి, ముద్ద వైపు చూసి, "అక్కా, దీంట్లో ఈ పొద్దు ఏమేసినావు?" అని అడిగాడు. గురమ్మ ఏమీ కొత్తగా వెయ్యలేదంది. వాడు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వాడి నాలుక లేచింది లాలప్పా. నాకు లోపల ఏదో చల్లగా అయింది.

ఇప్పుడు అసలు పని. ఊరివాళ్లు కొత్త గుర్రం కట్టించాలని తీర్మానించారు. కట్టేది నువ్వే, అందులో వాదం లేదు. ఎవరి నడుముకు కట్టాలన్నదే వాదం. పాతది తెగడానికి కారణం నువ్వే, నువ్వే తేల్చు అని నాకు వదిలేశారు. నా కొలత ఇద్దామని మొదట అనుకున్నాను. ఇస్తే ఇంక ఎవరూ నా చోటుకు రారు. వాడు నా కడియంలో నిలబడితే గుర్రం కిందికి జారిపోయి, ఊరందరూ నవ్వే ముచ్చట కూడా ఊహించుకున్నాను. రెండు రాత్రులు అదే తలచుకుని నవ్వుకున్నాను.

దారం తీసుకుని మంచం దగ్గరికి పోయాను. వాడు నిద్రపోతున్నాడు. నడుము చుట్టూ దారం తిప్పాను. ఎముకలు. ఆ నడుమును చూసే నేను ఇన్నాళ్లూ కడుపు మంట పెట్టుకుంది. ఆ కొలత నీకు పంపడం లేదు. ఆ నడుము వాడికి మళ్లా ఉండకూడదు.

ఈ ఉత్తరంలో పెట్టిన దారం నా నడుముది. దానికి ఇంకో నాలుగు వేళ్లు కలిపి కడియం కట్టు. వచ్చే ఏడు దాకా ఎగరొద్దన్నాడు డాక్టరు. ఆ లోపల వాడు బొరుగులు తింటాడు, ఉగ్గాని తింటాడు, చొక్కా గుండీలు పట్టడం లేదని ఏడుస్తాడు, నేను ఎగతాళి చేస్తాను. ఆ కడియం నిండా వాడు పట్టాలి. పట్టిననాడు మొదటి ఆట వాడిదే. నేను పక్కన నడుస్తూ వాణ్ణి చూసి ఓర్వలేక చస్తుంటాను. ఆ ఓర్వలేనితనం నాకు కావాలి లాలప్పా, వాడు ఉంటేనే గదా అది ఉండేది.

బద్దలు ముదురు వెదురువి తీసుకో. ఇద్దరు లావాటి ముసలివాళ్లను మోయాలి.

నీ రాక కోసం, ఈసారి పొట్ట వదిలేసి హాయిగా కూర్చున్న,
ఓబుళేశు.